చీటీపాటను సాలిడిటీలో రాస్తే

బెంగళూరు మారతహళ్లిలోనూ బీటీఎం లేఅవుట్‌లోనూ తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పీజీల్లో, అపార్ట్‌మెంట్లలో చీటీలు నడవడం కొత్త సంగతేమీ కాదు. ఒక మామూలు చీటీ ఇలా ఉంటుందనుకుందాం. చిత్తూరు, నెల్లూరు, అనంతపురం వైపు నుంచి వచ్చిన 20 మంది ఉద్యోగులు నెలకు 5,000 చొప్పున కడతారు. పోగైన లక్షకు నెలకోసారి పాట జరుగుతుంది. అవసరం ఎక్కువున్నవాళ్లు ఎక్కువ తగ్గించి పాడుకుంటారు. చీటీ నడిపే ఆయన తన కమీషన్ పట్టుకుని, మిగిలిన తగ్గింపును అందరికీ సమానంగా పంచుతాడు. లెక్కంతా ఆయన నోటు పుస్తకంలో ఉంటుంది, లేదంటే ఎక్సెల్ షీటులో.

ఇదే జనంలో చాలామంది పగలంతా కోడు రాసేవాళ్లే. 2022, 2023 డిసెంబరుల్లో వైట్‌ఫీల్డ్‌లోని కేటీపీఓ ప్రదర్శన కేంద్రంలో, ఎథీరియం అనే బ్లాక్‌చైన్ మీద కోడు రాసేవాళ్ల పోటీలైన ఎథ్‌ఇండియా హ్యాకథాన్లు జరిగిన ఊరు ఇది. ఆ నోటు పుస్తకాన్ని తీసుకెళ్లి బ్లాక్‌చైన్ మీద, అంటే ఎన్నో కంప్యూటర్లలో ఒకే నకలుగా ఉండే ఉమ్మడి పద్దు పుస్తకంలో, పెట్టేస్తే సరిపోదా అనే ఆలోచన ఇక్కడ ఎవరికో ఒకరికి రాక మానదు. చీటీ నియమాలు చిన్నవి, అందరికీ తెలిసినవి, ప్రతి నియమమూ డబ్బుతో ముడిపడినది. అందుకే బ్లాక్‌చైన్ మీద నడిచే ప్రోగ్రాములను (వాటినే కాంట్రాక్టులంటారు) రాసే సాలిడిటీ అనే భాష ఏం చేయగలదో, ఎక్కడ ముంచుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చూడటానికి చీటీ కంటే మంచి ఉదాహరణ దొరకదు.

సాలిడిటీని 2014 ఆగస్టులో ప్రతిపాదించినవాడు ఎథీరియం వ్యవస్థాపకుల్లో ఒకరైన గావిన్ వుడ్. తర్వాత క్రిస్టియన్ రైట్వీస్నర్ నాయకత్వంలోని బృందం దాన్ని తీర్చిదిద్దింది. ఎథీరియం 2015 జులై 30న మొదలైంది. సాలిడిటీలో రాసిన కాంట్రాక్టును కంపైలర్ బైట్‌కోడుగా మారుస్తుంది. ఆ బైట్‌కోడును నెట్‌వర్కులోని ప్రతి నోడూ, అంటే అందులో చేరిన ప్రతి కంప్యూటరూ, తన దగ్గరున్న ఎథీరియం వర్చువల్ మెషీన్ మీద నడిపి, ఒకే జవాబు వచ్చిందో లేదో సరిచూసుకుంటుంది. జావాస్క్రిప్టు, సీ ప్లస్ ప్లస్ తెలిసినవాళ్లకు ఈ భాష చూడగానే చుట్టంలా కనిపిస్తుంది. అవే మీసాల బ్రాకెట్లు, అవే ఫంక్షన్లు, అదే వారసత్వం. జావా ఉద్యోగి ఒక వారాంతంలో చీటీ కాంట్రాక్టు రాసేయగలడు, అది కంపైల్ కూడా అవుతుంది. చిక్కంతా ఆ చుట్టరికంతోనే వచ్చింది. రూపం పాతదే అయినా కింద ఉన్న యంత్రం పూర్తిగా వేరు. తెలిసినదే కదా అని ఆ యంత్రాన్ని పట్టించుకోకుండా రాసిన వరుసల వల్లే ఈ పదేళ్లలో కోట్ల డాలర్లు పోయాయి.

మొదట పుస్తకం సంగతి. ఎవరు ఎంత కట్టారో రాసుకోవడానికి సాలిడిటీలో మ్యాపింగ్ అనే రకం ఉంది. సభ్యుడి చిరునామా ఇస్తే అతని పద్దు వస్తుంది. మన పుస్తకానికీ దీనికీ ఒక తేడా ఉంది. మన పుస్తకంలో పేరు లేకపోతే లేదని తెలుస్తుంది. మ్యాపింగులో లేని పేరంటూ ఉండదు. ప్రపంచంలోని ఏ చిరునామా అడిగినా సున్నా అని జవాబిస్తుంది. 20 మందిలో ఉండి ఒక్క రూపాయీ కట్టనివాడూ, చీటీతో ఏ సంబంధమూ లేనివాడూ అక్కడ ఒకేలా కనిపిస్తారు. సభ్యుడా కాదా అన్నది విడిగా రాసుకోవాలి. పైగా మ్యాపింగును మొదటి నుంచి చివరి దాకా తిరగేయడం కుదరదు. పేర్ల జాబితా కావాలంటే పక్కన ఇంకో అర్రే పెట్టుకోవాలి. రాసే ప్రతి గడికీ ఖర్చుంటుంది. ఆ ఖర్చును గ్యాస్ అనే ప్రమాణంలో కొలిచి, ఎథీరియం సొంత నాణెమైన ఈథర్లో కడతారు. ఒకరి నుంచి ఒకరికి ఈథర్ పంపడానికి 21,000 గ్యాస్ అయితే, ఖాళీ గడిలో కొత్తగా ఒక విలువ రాయడానికే సుమారు అంత అవుతుంది. మామూలు సర్వర్ మీద డేటాబేసులో ఇష్టమొచ్చినట్టు రాసే అలవాటుకు ఇక్కడ కళ్లెం పడుతుంది.

ఇక లెక్కలు. ఈ నెల పాట 18,550 తగ్గింపు దగ్గర ఆగింది. కమీషన్ 5,000 పోగా 13,550 మిగిలింది. దాన్ని 20 మందికి పంచితే తలా 677 రూపాయల 50 పైసలు. సాలిడిటీలో దశాంశ సంఖ్యలతో లెక్కలు చేసే వీలు లేదు. భాగహారంలో శేషాన్ని నోరెత్తకుండా కోసేస్తుంది. రూపాయల్లో లెక్క పెట్టుకున్న కాంట్రాక్టు తలా 677 ఇచ్చి ఊరుకుంటుంది, 10 రూపాయలు లోపలే ఉండిపోతాయి. బయటకు తీసే ఫంక్షన్ రాయకపోతే అవి ఎప్పటికీ అక్కడే ఉంటాయి. చీటీ ఆయనైతే ఆ పదీ ఎవరి చేతిలోనో పెడతాడు, లేకపోతే టీకి ఖర్చు పెడతాడు. కోడుకు ఆ సర్దుబాటు తెలియదు. అందుకే ఎథీరియంలో డబ్బును ఎప్పుడూ అతి చిన్న ప్రమాణంలోనే లెక్కిస్తారు. ఆ ప్రమాణం పేరు వెయ్. ఒక ఈథర్ అంటే 10 టు ది పవర్ 18 వెయ్‌లు. చీటీని పైసల్లో రాసుకుంటే 67,750 చొప్పున లెక్క తెగుతుంది. అప్పటికీ తెగని నెల ఒకటి వస్తుంది కాబట్టి, శేషం ఎవరికి చెందుతుందో ముందే నియమం రాసిపెట్టడం మంచి పద్ధతి.

సంఖ్యల విషయంలో దీనికంటే ఘోరమైనది ఇంకొకటి ఉండేది. సాలిడిటీలో మామూలుగా వాడే సంఖ్యకు 256 బిట్ల జాగా ఉంటుంది. ఆ జాగా దాటితే పాత వెర్షన్లలో విలువ బండి మీటరులా తిరిగి సున్నాకు వచ్చేసేది, ఏ హెచ్చరికా లేకుండా. 2018 ఏప్రిల్‌లో బ్యూటీచైన్ అనే టోకెను (కాంట్రాక్టు జారీ చేసే డిజిటల్ నాణెం) కాంట్రాక్టులో ఒకరు ఒకేసారి ఇద్దరికి పంపే ఫంక్షనును పిలిచారు. తలా పంపాల్సిన మొత్తంగా 2 టు ది పవర్ 255 ఇచ్చారు. పంపేవాడి దగ్గర సరిపడా ఉందో లేదో చూడటానికి కోడు ఆ మొత్తాన్ని 2తో గుణించింది. జవాబు 2 టు ది పవర్ 256, అంటే ఆ యంత్రం దృష్టిలో సున్నా. సున్నా టోకెన్లు ఎవరి దగ్గరైనా ఉంటాయి కాబట్టి తనిఖీ దాటింది, ఇద్దరి ఖాతాల్లోకీ లెక్కకందని టోకెన్లు చేరాయి. ఆ కాంట్రాక్టులో మిగతా లెక్కలకు హద్దు దాటకుండా చూసే సేఫ్‌మ్యాథ్ లైబ్రరీ వాడారు, ఈ ఒక్క గుణకారానికి వాడలేదు. 2020 డిసెంబరులో వచ్చిన 0.8.0 వెర్షన్ నుంచి ఈ తనిఖీ భాషలోనే కలిసిపోయింది. హద్దు దాటితే లావాదేవీ మొత్తం వెనక్కి పోతుంది.

సాలిడిటీ వెర్షన్ల చరిత్రలో ఇలాంటివి చాలా కనిపిస్తాయి. ఒకప్పుడు కాంట్రాక్టుకు ఏ పేరుంటే ఆ పేరున్న ఫంక్షనే కన్‌స్ట్రక్టర్, అంటే పుట్టినప్పుడు ఒక్కసారే నడిచేది. రుబిక్సీ అనే కాంట్రాక్టు పేరు మార్చినవాళ్లు లోపలి ఫంక్షను పేరు మార్చడం మరిచారు. దాంతో అది అందరూ పిలవగలిగే మామూలు ఫంక్షనైపోయింది, పిలిచినవాడల్లా యజమాని అయ్యాడు. 0.4.22లో కన్‌స్ట్రక్టర్ అనే ప్రత్యేక పదం వచ్చింది. ఫంక్షను ముందు ఏమీ రాయకపోతే అది పబ్లిక్ అని అర్థం చేసుకునే పద్ధతి 2018 నవంబరు నాటి 0.5.0తో పోయింది. వేరే భాషలు సౌకర్యం కోసం పెరుగుతాయి. ఇది ఎక్కువగా దెబ్బలు తిని పెరిగింది. దీన్ని భాషకు మచ్చగా కాక గౌరవంగానే చూడాలి. ఎవరో నష్టపోయిన తప్పును తర్వాతివాడు చేయకుండా కంపైలరే ఆపడం చిన్న సాయం కాదు.

కంపైలర్ పూర్తిగా ఆపలేనిది ఒకటుంది. చీటీ పాడుకున్నవాడు డబ్బు తీసుకునే ఫంక్షనును దగ్గరగా చూద్దాం. సహజంగా రాస్తే మూడు వరుసలు. మొదటి వరుస, ఇతనికి రావలసింది ఎంతో చూడు. రెండో వరుస, అంత పంపు. మూడో వరుస, పద్దు సున్నా చెయ్యి. చదివితే ఎక్కడా తప్పు కనిపించదు. ఇంటి దగ్గర కూడా డబ్బు లెక్కపెట్టి చేతికిచ్చాకే పుస్తకంలో కొట్టేస్తారు.

తేడా రెండో వరుసలో ఉంది. తీసుకునే చిరునామా మనిషిది కాక ఇంకో కాంట్రాక్టుది కావచ్చు. దానికి ఈథర్ పంపడమంటే కవరు అందించడం లాంటిది కాదు, నడుస్తున్న పగ్గాలను దాని చేతికివ్వడం. ఆ కాంట్రాక్టులోని కోడు అప్పటికప్పుడు నడుస్తుంది, అది మళ్లీ మన ఫంక్షనునే పిలవగలదు. మూడో వరుసకు ఇంకా వంతు రాలేదు, పద్దులో పాత మొత్తమే ఉంది. కాబట్టి మళ్లీ చెల్లింపు, మళ్లీ పిలుపు. పెట్టె ఖాళీ అయ్యేదాకా, లేదా గ్యాస్ అయిపోయేదాకా ఇదే వరస. దీన్నే రీఎంట్రన్సీ అంటారు. 2016 జూన్ 17న ద డీఏఓ అనే ఉమ్మడి పెట్టుబడి కాంట్రాక్టు నుంచి సుమారు 36 లక్షల ఈథర్లు ఇలాగే తరలిపోయాయి. తరలిన సొమ్ము వెంటనే బయటకు తీసుకోలేని ఇంకో కాంట్రాక్టులో కొన్ని వారాలు ఆగడం వల్ల ఆలోచించే వ్యవధి దొరికింది. జులై 20న గొలుసు, అంటే ఎథీరియం బ్లాక్‌చైన్, నియమాలనే మార్చి డబ్బు వెనక్కి తెచ్చారు. ఒప్పుకోనివాళ్లు పాత గొలుసునే కొనసాగించారు, అదే ఎథీరియం క్లాసిక్. వరుసలు తారుమారైన ఒక ఫంక్షను ఒక సమాజాన్నే రెండుగా చీల్చింది.

మందు చెప్పుకోవడానికి తేలిక. ముందు తనిఖీ, తర్వాత పద్దు కొట్టేయడం, అన్నిటికంటే చివర డబ్బు. చెల్లింపు విఫలమైతే లావాదేవీని వెనక్కి తిప్పితే పద్దు కూడా మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి భయం లేదు. కొన్నాళ్లు ఇంకో ఉపాయం చెలామణిలో ఉండేది. ట్రాన్స్‌ఫర్ అనే పద్ధతిలో పంపితే అవతలి కోడుకు 2,300 గ్యాస్ మాత్రమే అందుతుంది, దాంతో అది ఏమీ చేయలేదు అనేవారు. 2019 డిసెంబరులో ఇస్తాంబుల్ అప్‌గ్రేడుతో కొన్ని ఆదేశాల గ్యాస్ ధరలు పెరిగాయి. ఆ 2,300ను నమ్ముకున్న కొన్ని కాంట్రాక్టులకు అది చాలలేదు. ఒకరోజు ఉన్న ధర మీద భద్రత కట్టుకుంటే ఇంతే. ఇప్పుడు వరుస సరిగ్గా రాసి, ఫంక్షను నడుస్తుండగా దాన్ని మళ్లీ పిలవనివ్వని ఒక తాళం కూడా పైన వేస్తారు. 2023 జులైలో ఆ తాళం మీద నమ్మకానికీ దెబ్బ తగిలింది. పైథాన్‌ను పోలి ఉండి, భద్రత కోసమే సాదాగా ఉంచిన వైపర్ అనే ఇంకో భాషలో, 0.2.15తో పాటు మరో రెండు పాత కంపైలర్ వెర్షన్లు తాళాన్ని సరిగ్గా వేయలేదు. కోడు రాసినవాళ్ల తప్పేమీ లేకుండానే కర్వ్ అనే టోకెన్ల మార్పిడి వేదికలోని కొన్ని పూల్స్ (ఉమ్మడి నిధులు) దోపిడీకి గురయ్యాయి.

తగ్గింపు పంపకం దగ్గరికి వద్దాం. 20 మందికి ఒక లూప్ పెట్టి వరుసగా పంపేయడం అందరికీ తట్టే పద్ధతి. ఆ 20లో ఒక చిరునామా డబ్బు స్వీకరించని కాంట్రాక్టు అయితే ఆ ఒక్క చెల్లింపు విఫలమై, మిగతా 19 మందికీ ఆగిపోతుంది. సభ్యులు పెరిగితే వేరే ముప్పు. ఒక బ్లాకులో, అంటే గొలుసులో చేరే ఒక్కో లావాదేవీల కట్టలో, పట్టే గ్యాసుకు పరిమితి ఉంది, లూప్ దాన్ని దాటితే ఇక ఎప్పటికీ నడవదు. 2016లో గవర్న్‌మెంటల్ అనే ఆట కాంట్రాక్టులో గెలిచినవాడికి రావలసిన సుమారు 1,100 ఈథర్లు, జాబితా చెరిపే పనికి గ్యాస్ చాలక ఇరుక్కుపోయాయి. అందుకే ఇప్పుడు పంపిణీ మానేసి, ఎవరి వాటా వాళ్ల పేరున రాసిపెడతారు. ఎవరికి కావలసింది వాళ్లే వచ్చి తీసుకోవాలి. చీటీ డబ్బుకు చీటీ ఆయన ఇంటికి వెళ్లడం అలవాటైనవాళ్లకు ఇది వింతగా ఉండదు.

పాట మాత్రం కష్టం. సాలిడిటీలో ప్రైవేట్ అనే పదం ఉంది. దాని అర్థం వేరే కాంట్రాక్టులు నేరుగా చదవలేవని మాత్రమే. నోడు నడిపే ఎవరైనా ఆ గడిలో ఏముందో చూడగలరు. కాగితం మీద రాసి మడిచి ఇచ్చే పాట ఇక్కడ మడతే పడదు. పైగా లావాదేవీ బ్లాకులో చేరకముందే నలుగురి కళ్లలో పడుతుంది, దాన్ని చూసి ఇంకొకడు ఎక్కువ ఫీజు కట్టి ముందు దూరగలడు. సాలిడిటీ సొంత డాక్యుమెంటేషన్‌లో ఇలాంటి మూసిన పాటకు ఒక ఉదాహరణ ఉంది. మొదటి విడతలో పాట మొత్తాన్నీ ఒక రహస్య సంఖ్యనూ కలిపి కెచాక్ 256 హ్యాష్, అంటే అసలు విలువను బయటపెట్టని వేలిముద్ర లాంటి సంఖ్య, పంపాలి. గడువు ముగిశాక రెండో విడతలో అసలు విలువ చెప్పాలి, హ్యాష్ కలిస్తేనే చెల్లుతుంది. మన చీటీకి ఇది చక్కగా సరిపోతుంది. కాకపోతే ప్రతి సభ్యుడూ నెలకు రెండుసార్లు లావాదేవీ చేయాలి, రహస్య సంఖ్య పోగొట్టుకోకూడదు. పాట లేకుండా లక్కీ డిప్ తీద్దామంటే ఇంకా కష్టం. అందరు నోడులకూ ఒకే జవాబు రావాల్సిన యంత్రంలో ఎవరూ ఊహించలేని సంఖ్య దొరకదు. దాన్ని బయటి నుంచి, రుజువుతో సహా తెచ్చుకోవాలి.

ప్రతి నెలా 5వ తారీకున పాట అని రాస్తే కాంట్రాక్టు ఆ రోజు తనంతట తాను లేవదు. ఎవరో ఒకరు గ్యాస్ కట్టి పిలిస్తేనే కదులుతుంది. ఈ ఒక్క సంగతి కొత్తగా నేర్చుకునేవాళ్లను ఎంతగా ఆశ్చర్యపరుస్తుందో చెప్పలేం.

ఒకసారి పెట్టిన కోడు మారదు అన్నది సాలిడిటీ కాంట్రాక్టుకు ఉన్న పెద్ద పేరు. మధ్యలో ఒకరు తప్పుకుని వాళ్ల తమ్ముడు చేరాలంటే? ఆ నియమం ముందే లేకపోతే దారి లేదు. అందుకని చాలామంది ముందు ఒక ప్రాక్సీ పెట్టి, దాని వెనక అసలు కోడును మార్చుకునే ఏర్పాటు చేసుకుంటారు. దీనికి డెలిగేట్‌కాల్ వాడతారు. అవతలి కోడు మన పెట్టెలో, మన పద్దుల మీద నడుస్తుంది. ఒకే లైబ్రరీని (ఉమ్మడి కోడును) ఇలా వందల పారిటీ వాలెట్లు (ఈథర్ దాచుకునే కాంట్రాక్టులు) పంచుకున్న ఉదంతం 2017 నవంబరులో జరిగింది. ఆ లైబ్రరీకి యజమాని ఎవరో నింపకుండా వదిలేశారు. ఒక బయటి వ్యక్తి తనను తాను యజమానిగా రాసుకుని, దాన్ని నాశనం చేసే ఫంక్షనును పిలిచాడు. వాలెట్లు ఉన్నాయి, అవి పిలవాల్సిన కోడు లేదు. 5 లక్షలకు పైగా ఈథర్లు అందులో గడ్డకట్టాయి. ప్రాక్సీ జాగ్రత్తగా రాసినా ఇంకో ప్రశ్న ఉంటుంది. కోడు మార్చే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే అతనే చీటీ ఆయన. ఎవరినీ నమ్మక్కర్లేదని మొదలుపెట్టిన పని మళ్లీ ఒక మనిషి దగ్గరికే వచ్చింది.

ఇంతవరకు చెప్పుకున్న చిక్కులన్నిటికీ జాగ్రత్తగల ప్రోగ్రామర్ దగ్గర జవాబుంటుంది. చీటీలో అసలు ప్రమాదం మాత్రం వీటిలో ఏదీ కాదు. రెండో నెలలోనే చీటీ ఎత్తినవాడు మిగతా 18 నెలలు కడతాడా? అతని చేతికి 81,450 వచ్చింది. ఇంకా కట్టాల్సింది, నెలనెలా వచ్చే తగ్గింపు వాటా తీసేయకముందు, 90,000 ఉంది. సాలిడిటీ తన లోపల ఉన్న డబ్బును ఎంత కచ్చితంగానైనా కదిలిస్తుంది. బయట, అతని జీతం ఖాతాలో ఉన్నదాన్ని ముట్టుకోలేదు. కట్టకపోతే జప్తు చేయడానికి ముందే ఏదో ఒకటి లోపల పెట్టించుకోవాలి. ఎథీరియం మీద అప్పులు ఎక్కువగా ఇలాగే నడుస్తాయి. మేకర్ అనే అప్పుల వ్యవస్థ మొదటి రోజుల్లో 100 డాలర్ల విలువైన డాయ్ (డాలరు విలువకు కట్టి ఉంచే టోకెను) తీసుకోవాలంటే కనీసం 150 డాలర్ల ఈథర్ తాకట్టు ఉండాల్సి వచ్చేది. మన చీటీకి అదే పద్ధతి పెడితే, 81,450 తీసుకోవడానికి కనీసం 90,000 లోపల పెట్టాలి. 90,000 ఉన్నవాడు అక్క పెళ్లికనో, పీజీ అడ్వాన్సుకనో అంత తగ్గించి ఎందుకు పాడతాడు?

చీటీ ఆయన కమీషన్ దేనికి తీసుకుంటున్నాడో ఇక్కడ తెలుస్తుంది. పుస్తకం రాయడం అందులో చిన్న భాగం. ఎవరిని చేర్చుకోవాలో ఎంచడం, ఎత్తేటప్పుడు ఇద్దరి జామీను సంతకాలు తీసుకోవడం, వాయిదా తప్పినవాడి గది తలుపు తట్టడం, అవసరమైతే తన జేబులోంచి సర్దడం, ఇదంతా కలిపి ఆ కమీషన్. 1982 చిట్ ఫండ్స్ చట్టం కూడా రిజిస్ట్రార్ అనుమతి, హామీ, కమీషన్‌పై పరిమితి అంటూ పట్టుకున్నది ఆ మనిషి బాధ్యతనే. 5 శాతం ఉన్న ఆ పరిమితిని 2019 సవరణ 7 శాతం చేసింది. లెక్క కోడులో ఉంది కదా అని ఆ చట్టం పక్కకు తప్పుకోదు. డబ్బు ఈథర్లో పెడితే ధర ఊగిసలాటకు తోడు, లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను, పరిమితి దాటిన అమ్మకాల మీద అదే ఏడాది జులై నుంచి 1 శాతం టీడీఎస్ ఉన్నాయి.

అయితే సాలిడిటీ చీటీకి ఎందుకూ పనికిరాదా అంటే, పనికొస్తుంది. డబ్బును మామూలుగా యూపీఐలోనే కదలనిచ్చి, పాటను మాత్రం రెండు విడతల హ్యాష్ పద్ధతిలో కాంట్రాక్టు మీద జరపవచ్చు. ఎవరు ఎంతకు పాడారు, ఎవరు గెలిచారు, తగ్గింపు ఎంత అన్నది ఈవెంట్ల (గొలుసు మీద చెరగకుండా ఉండే నమోదుల) రూపంలో నమోదవుతుంది. పాట అయిపోయాక తన మనిషి పేరు లోపల ఇరికించడం ఎవరి తరమూ కాదు. కాంట్రాక్టులో డబ్బే లేనప్పుడు దోచుకోవడానికీ ఏమీ ఉండదు. డీఏఓ, పారిటీ లాంటి ప్రమాదాలు దరిచేరవు. ఎథీరియం పైన కట్టిన, గ్యాస్ తక్కువగా ఉండే లేయర్ 2 గొలుసు మీద పెడితే ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ఎత్తినవాడి జామీను కాగితం మీద ఇద్దరి సంతకాలు మాత్రం, ఎప్పటిలాగే, చీటీ ఆయన బీరువాలో ఉంటాయి.